ఇంజనుకు నీళ్లు పోసే వేళ

రాజాంలోని ఒక ఇంజినీరింగు కాలేజీ వాళ్లు ఈ మధ్య నన్ను పిలిచి, లోహశాస్త్రం చదివే పిల్లలతో కాసేపు మాట్లాడమన్నారు. ఉద్యోగం అయిపోయాక మనల్ని పిలిచేవాళ్లే తక్కువ కదా, సంబరంగా వెళ్లాను. అల్యూమినియంలో సిలికాన్ ఎంత కలిపితే ఏమవుతుందో, రాగి ఎందుకు కలుపుతారో ఆ పిల్లలకు నాకన్నా బాగా తెలుసు. అడిగినవన్నీ టకటకా అప్పజెప్పారు. చివర్లో వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, ఇవన్నీ పుస్తకంలోనే ఉన్నాయి గదా. మరి ఉద్యోగంలో రోజంతా చేసేదేటి?" అంది. తక్కినవాళ్లు నవ్వారు. వాళ్ల లెక్చరరు కళ్లెర్రజేశాడు. నాకు మాత్రం ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపించింది.

అప్పటికి ఏదో చెప్పి తప్పించుకున్నాను. బస్సెక్కాక అసలు జవాబు గుర్తొచ్చింది. నాకెప్పుడూ అంతే, మాట సమయానికి నోటికి రాదు. వెనక బెంచీ పిల్లా, ఇది నీ కోసమే రాస్తున్నాను. ఇందులో నా ప్రమోషన్లు ఉండవు, వాటితో నీకు పనిలేదు. ఒక ఇంజను హెడ్డు, ఒక నీళ్ల తొట్టి, భావనపాడులో ఒక ఇల్లాలు. నా ఉద్యోగమంతా ఈ మూడింట్లో ఇమిడిపోయిందని ఇప్పుడు నాకనిపిస్తోంది.

సత్తు గిన్నె, సిలిండర్ హెడ్డు

మాది పాతపట్నం. నాన్న మిషను బడిలో పంతులు. ఇంట్లో ఉన్నవన్నీ సత్తు గిన్నెలే. అమ్మ ఒక్కో గిన్నె సొట్ట చూసి, అది ఏ పిల్ల ఎప్పుడు పడేసిందో చెప్పగలిగేది. సత్తు అంటే దాదాపు కల్తీలేని అల్యూమినియం. మెత్తన. పడితే సొట్టపోతుంది గానీ పగలదు. అంత మెత్తటి లోహాన్ని ఇంజనులో పెడితే ఒక్క పూట కూడా నిలవదు. అందుకని సిలికాన్ కలుపుతాం. అది కలిస్తే కరిగిన లోహం అచ్చులో మూలమూలకీ పారుతుంది, వేడికి మరీ ఉబ్బిపోదు. కాస్త రాగి, చిటికెడు మెగ్నీషియం పడితే వేడిలో కూడా బలం తగ్గదు. పైగా ఇనుముతో చూస్తే ఇది తేలిక. తెప్పకు కట్టే ఇంజనును ఇద్దరు మనుషులు బొంగుకు కట్టి ఇంటికి మోసుకుపోతున్నారంటే అందులో ఈ లోహం చలవ ఎంతో ఉంది.

విజయనగరం దగ్గర నేను పనిచేసిన కర్మాగారంలో చిన్న డీజిల్ ఇంజన్లకు హెడ్డులు పోత పోసేవాళ్లం. హెడ్డంటే ఇంజను నెత్తిన ఉండే మూత. కింద మంట మండుతుంటే ఆ వేడినీ, ఒత్తిడినీ కాచుకునేది అదే. గాలికి చల్లారడం కోసం దాని చుట్టూ పలచటి రెక్కలుంటాయి. పోత పోయడంతో పని అయిపోదు. హెడ్డును కొలిమిలో పెట్టి బాగా కాచి, తీసి నీళ్లలో ముంచి, ఆ తర్వాత ఓ మోస్తరు వేడిలో పూటంతా ఉంచాలి. ఈ చివరిదాన్ని మా దగ్గర మాగబెట్టడం అనేవారు, గడ్డిలో మామిడికాయలు మాగబెట్టినట్టు. ఈ మూడూ జరిగితేనే లోహానికి గట్టిదనం వస్తుంది.

ఇందులో ముంచడం గురించి ఒక్కటి గుర్తుంచుకో. ముంచే నీళ్లు చన్నీళ్లు కాకూడదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండాలి. హెడ్డు ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉంటుంది. చన్నీళ్లలో పడితే పలచటి రెక్కలు చటుక్కున చల్లారి బిగుసుకుంటాయి. మందంగా ఉన్న నడుము ఆలస్యంగా చల్లారుతుంది. అప్పటినుంచి రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటూనే ఉంటాయి. పైకి హెడ్డు నున్నగా, అందంగానే కనబడుతుంది.

గోవిందరావు గారి పట్టుదల

నాణ్యత విభాగానికి పెద్ద గోవిందరావు గారు. ఆయన కిందే నేను పని నేర్చుకున్నాను. నోరు మంచిది కాదు. ఆయన తిట్టని మనిషి మా కర్మాగారంలో లేడు, గేటు దగ్గర కుక్కతో సహా. కానీ ఆయనకు ఒక పట్టుదల ఉండేది. పాడైన సరుకు వెనక్కి వస్తే, 'వాడకంలో తప్పు' అని రాసే ముందు, ఆ వాడినవాడి మొహం ఎవరో ఒకరు చూసి రావాలి. మిగతా పెద్దలకు ఈ పద్ధతి గిట్టేది కాదు. దండగ పని అనేవారు. నాకూ మొదట్లో అలాగే అనిపించేది. ఇప్పుడు ఎవరైనా అడిగితే, నేను చూసిన అధికారుల్లో ఆయన ఒక్కడే అసలైన ఇంజినీరని చెబుతాను.

వేసవిలో ఉండే చేపల వేట విరామం ముగిసి తెప్పలు మళ్లీ సముద్రంలోకి దిగిన కొన్నాళ్లకు, భావనపాడు నుంచి పగిలిన హెడ్డులు వెనక్కి రావడం మొదలైంది. అన్నీ ఒకేచోట పగిలాయి. రెండు వాల్వుల మధ్య సన్నటి వంతెనలాంటి చోటు ఉంటుంది, సరిగ్గా అక్కడ వెంట్రుకలాంటి చీలిక. రెక్కల మధ్య ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. అవే హెడ్డులు రాజాం చుట్టుపక్కల పొలాల్లో నీటి ఇంజన్లకూ వెళ్లాయి. అక్కడినుంచి ఒక్కటీ రాలేదు.

"అక్కడ బాగానే ఉండి ఇక్కడ పగిలాయంటే, తప్పు వాడినవాళ్లదే గదండీ," అన్నాను.

"అయితే అయ్యుండొచ్చు. వాల్లని చూశావేటి?" అన్నారు.

"లేదండీ."

"మరి నోరు మూసుకొని బస్సెక్కు," అన్నారు.

గోనెపట్టా కింద ఇంజను

భావనపాడులో నేను వెతుక్కుంటూ వెళ్లింది ఎర్రయ్య ఇంటికి. మాకు వచ్చిన హెడ్డుల్లో ఒకటి అతనిది. పాత ఇంజనే, విరామంలో కొత్త హెడ్డు వేయించాడట. ఇప్పుడు ఆ ఇంజను అరుగు మీద గోనెపట్టా కప్పుకొని ఉంది. దాని పక్కనే ఎర్రయ్య కూర్చుని వల అల్లుకుంటున్నాడు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు. కంపెనీ నుంచి వచ్చానని చెప్పగానే లేచి నిలబడ్డాడు. లోపలినుంచి అతని భార్య కామమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"నువ్వేనేటమ్మా దీన్ని సేసింది?" అంది.

"మా కర్మాగారంలోనే చేశారమ్మా," అన్నాను.

"అయితే సూడు. నా మొగుడు, నా తమ్ముడు, ఇద్దరూ దీన్ని నమ్ముకొని ఎల్లినారు. నడి సముద్రంలో ఇది సచ్చిపోనాది. రాతిరంతా నాను ఈ ఒడ్డునే కూకున్నాను. మర్నాడు ఇంకో తెప్పోల్లు తాడుకట్టి లాక్కొచ్చినారు గాబట్టి సరిపోనాది. లేకపోతే నాకిద్దరూ లేరు."

ఎర్రయ్యే నాకోసం మాట కలిపాడు. "మేడంగోర్ని కూకోనీవే," అన్నాడు. కామమ్మ పీట తెచ్చి వేసింది గానీ కోపం తగ్గలేదు. ఆ ఇంజను మళ్లీ తెప్ప ఎక్కాలంటే తనను దాటుకుని వెళ్లాలని మొగుడికి తెగేసి చెప్పేసిందట. అప్పటినుంచి ఎర్రయ్య ఒడ్డునే ఉండి ఊళ్లోవాళ్ల వలలు బాగుచేస్తున్నాడు. సముద్రం మీద బతికిన మనిషి అరుగు మీద కూర్చుంటే ఎలా ఉంటుందో అతని మొహం చూస్తేనే తెలుస్తోంది.

ఇంకో మాట అతనే చెప్పాడు, నవ్వుతూ చెబుదామనుకున్నాడు గానీ నవ్వు రాలేదు. వాళ్లలో వేట నుంచి వచ్చిన మగవాడి కాళ్లమీద ఇల్లాలు గుమ్మం దగ్గర నీళ్లు పోస్తుంది. వాళ్లను లాక్కొచ్చిన రోజున కామమ్మ బిందె గుమ్మంలో పెట్టేసి లోపలికి వెళ్లిపోయింది. "ఆ రోజు కాణ్ణుంచి నా కాళ్లమీద సుక్క నీళ్లు పొయ్యలేదమ్మా. ఏటంటే, నువ్వు ఎక్కడికెల్లొచ్చినావని పొయ్యాల అంతాది."

నేను లేచేటప్పుడు కామమ్మ అడిగింది. "కొత్త హెడ్డు ఇస్తారంట. బాగానే ఉన్నాది. మల్లీ ఇలగవ్వదని నువ్వు సెప్పగలవేటి?"

తెలుసుకుని వచ్చి చెబుతానన్నాను. ఆవిడ తల పంకించింది, నమ్మినట్టు మాత్రం కనిపించలేదు.

ఒడ్డున స్నానం

ఆ మధ్యాహ్నం నేను ఒడ్డుకు వెళ్లాను. తెప్పలు ఒక్కొక్కటే వస్తున్నాయి. మొదటి తెప్ప ఇసుకను తాకిందో లేదో, అందులోని మనిషి ఇంజను ఆపి, చేపల గంపల్ని కూడా ముట్టకుండా, ఒక తప్పేలాను సముద్రంలో ముంచి ఇంజను నెత్తిన పోశాడు. సుయ్యిమని ఆవిరి లేచింది. మళ్లీ ముంచాడు, మళ్లీ పోశాడు. చేత్తో రుద్దాడు కూడా. తర్వాతి తెప్పవాళ్లూ అంతే చేశారు. ఆ తర్వాతి వాళ్లూ అంతే.

పక్కన ఒక ముసలాయన ఉంటే, ఎందుకలా పోస్తున్నారని అడిగాను. నేనేదో తెలివితక్కువ మాట అడిగినట్టు చూశాడు.

"తెల్లారగట్లనుంచీ మనకంటె ఎక్కువ కట్టపడినాది గదమ్మా. ఒల్లు కాలిపోతన్నాది. దానికి నీళ్లు పొయ్యకుండా మన మానాన మనం అంబలి తాగడానికెల్లిపోతే, పాపం గాదేటి?"

నాకు ఒక్కసారిగా రెండు సంతోషాలు కలిగాయి. మనుషులు ఇంత మంచివాళ్లని ఒకటి, నా లెక్క తేలిపోయిందని ఇంకొకటి. మండుతున్న అల్యూమినియం హెడ్డు మీద చన్నీళ్లు పోస్తే పగలక ఏంచేస్తుంది? తిరుగు బస్సులో నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను.

గోవిందరావు గారి ఒక్క ప్రశ్న

ఆయన నేను చెప్పిందంతా విన్నారు. టీ గ్లాసు పక్కన పెట్టారు.

"ఈ నీళ్లు పొయ్యడం ఎప్పటినుంచి?"

"ఇంజన్లు వచ్చినప్పటినుంచీ అటండీ. వాళ్ల నాన్నలూ పోసేవాళ్లట."

"అప్పుడు పగల్లేదా?"

"లేదండీ. పాత హెడ్డులు ఏళ్ల తరబడి పనిచేశాయట."

"మరి వాల్లు కొత్తగా చేసిన తప్పేటి, కరుణా?"

నా ఉత్సాహమంతా ఆ ఒక్క మాటతో దిగిపోయింది. వాళ్లు మారలేదు. అంటే మారింది మా హెడ్డే. నువ్వు రేపు ఉద్యోగంలో చేరాక, కారణం దొరికిందని గంతులు వేయబోయే ప్రతిసారీ ఈ ప్రశ్న వేసుకో. ఈ కారణం నిన్న కూడా ఉంది కదా, మరి నిన్నెందుకు జరగలేదు అని.

మేము గోదాములోంచి ఒక కొత్త హెడ్డు తెచ్చి బిగించి, వాల్వుల మధ్య వంతెన దగ్గర చేతి రంపంతో కోయడం మొదలుపెట్టాం. ఇది పెద్ద శాస్త్రమేమీ కాదు. లోపల లాగుడు ఉంటే, కోసినకొద్దీ ఆ సందు దానంతటదే కదిలి రంపాన్ని పట్టేస్తుంది. సగం దాకా రంపం బాగానే దిగింది. తర్వాత బిగుసుకుపోయింది. ముందుకూ రాదు, వెనక్కీ పోదు. ఆయన నన్ను పక్కకు తోసి తానే లాగారు. బ్లేడు టంగుమని విరిగింది.

మా ల్యాబు తలుపు గాలికి కొట్టుకోకుండా ఒక పాత హెడ్డు అడ్డం పెట్టేవాళ్లం, రెక్క విరిగిందని ఎప్పుడో పక్కన పడేసినది. దాన్ని తెచ్చి అదేచోట కోశాం. రంపం ఎక్కడా పట్టుకోకుండా కిందిదాకా దిగిపోయింది. గోవిందరావు గారు చొక్కా చేతులు మడుచుకుంటూ ముంచే తొట్టి వైపు నడిచారు.

తొట్టి దగ్గర సింహాచలం

ఆయన తొట్టిలో చెయ్యి పెట్టారు. మోచేతి దాకా పెట్టారు. వేడి నీళ్ల తొట్టిలో ఎవరూ అలా పెట్టలేరు. "బావిలో నీళ్లలాగున్నాయి," అన్నారు.

తొట్టి దగ్గర పనిచేసేది సింహాచలం. పెద్దవాడు, రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు. ఆయాసం మనిషి. బాగా కాగిన హెడ్డుల బుట్టను వేడి నీళ్లలోకి దింపినప్పుడల్లా గుప్పుమని ఆవిరి లేచేది. చలికాలంలో ఫరవాలేదు. ఎండలు ముదిరాక ఆ రేకుల షెడ్డులో, ఆ ఆవిరిలో అతను దగ్గి దగ్గి గోడ పట్టుకుని నిలబడేవాడట. అందుకని షిఫ్టులోవాళ్లంతా మాట్లాడుకుని హీటరు ఆపేశారు. ఎవరూ దాచలేదు, అడిగిన వెంటనే చెప్పారు.

"మావ దగ్గు ఇంటుంటే మాకు కూడు సయించేది కాదండీ," అన్నాడు కొలిమి నడిపే అతను. "నీళ్లు నీళ్లే గదా అనుకున్నాం. మీ ల్యాబోల్లు గూడా సరుకు ఇంకా గట్టిగా ఉన్నాదన్నారు."

నిజమే, అన్నాం. చన్నీళ్లలో ముంచితే గట్టిదనం పరీక్షలో ఒక పిసరు ఎక్కువే వస్తుంది. మేమంతా ఆ ఫలితాలు చూసి సంతోషించాం కూడా. పరీక్షకు మనం ఏది అడిగితే అదే చెబుతుంది. లోపలి లాగుడు గురించి దాన్ని ఎవరూ అడగలేదు.

సింహాచలం ముందుకు వచ్చి చేతులు కట్టుకున్నాడు. "నా మూలంగానే అయినాదండీ. ఆల్లనేటీ అనకండి," అన్నాడు. తిట్లు ఎలా ఉంటాయోనని నేను తలొంచుకున్నాను. గోవిందరావు గారు తిట్టలేదు. హీటరు వేయించి, నీళ్లు కాగాక, సింహాచలాన్ని పక్కన కూర్చోబెట్టి, ఆ షిఫ్టంతా తానే తొట్టి దగ్గర నిలబడ్డారు. బయటికి వచ్చేసరికి చొక్కా ఒంటికి అంటుకుపోయి, కళ్లజోడు మీద ఆవిరి పట్టి, ఎదుటి మనిషి కనబడక గుమ్మానికి గుద్దుకున్నారు.

"మనిషి నిలబడే చోటు కాదిది," అన్నారు. "ఇన్నాళ్లూ నేనెందుకు చూళ్లేదో."

వారం తిరక్కుండా తొట్టి మీద ఆవిరిని లాగే గొట్టం, ఫ్యాను వచ్చాయి. బుట్టను దూరంనుంచే దింపే గొలుసు వచ్చింది. అప్పుడు నీళ్లు వేడిగానూ ఉన్నాయి, సింహాచలమూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. తప్పు మాదేనని పైవాళ్లకు ఆయనే వెళ్లి చెప్పారు. చన్నీళ్ల హెడ్డులన్నీ వెనక్కి తెప్పించారు.

ఆ రోజుల్లో నాకు ఒకటే తలపుకు వచ్చేది. అక్కడ వాళ్లు ఇంజను మీద జాలిపడి చన్నీళ్లు పోశారు. ఇక్కడ వీళ్లు మనిషి మీద జాలిపడి చన్నీళ్లు పెట్టారు. ఇద్దరి ప్రేమా కలిసి ఆ వాల్వుల మధ్య వంతెన మీద పడింది. వాళ్లలో ఎవరి మీదా నాకు కోపం రాలేదు, ఇప్పటికీ రాదు. జాలి మానుకొమ్మని ఏ ఇంజినీరూ చెప్పకూడదు. దానికి ఇంకో దారి చూపించాలి. మన చదువు అందుకే.

చెమట ఆరాలి

కొత్త హెడ్డు తీసుకుని నేనే మళ్లీ భావనపాడు వెళ్లాను. అరుగు చుట్టూ పదిమంది దాకా చేరారు. సగం తప్పు మాదని ముందే చెప్పేశాను, తొట్టి సంగతంతా చెప్పాను. సింహాచలం దగ్గు గురించి చెబుతుంటే కామమ్మ "అయ్యో" అంది. అంతవరకూ బాగానే ఉంది. మిగతా సగం ఇంజను మీద పోసే నీళ్ల వల్లనని చెప్పేసరికి గొడవ మొదలైంది.

"మీరు కాలింది కాలినట్టు నీళ్లలో ముంచుతారంట, మాం కాసిని నీళ్లు పోస్తే తప్పొచ్చిందేటి?" అన్నాడు కామమ్మ తమ్ముడు అప్పన్న. ప్రశ్న న్యాయమైనదే. మేము ముంచేది ఒక్కసారి, అదీ వేడి నీళ్లలో, ఆ వెంటనే మాగబెడతామని చెప్పాను. మీరు రోజూ పోస్తారు, అదీ చన్నీళ్లు, అదీ ఉప్పునీళ్లు. గట్టి హెడ్డయితే ఎక్కువ కాలం ఓర్చుకుంటుంది, కానీ ఎప్పటికైనా దానికి చేటే.

మొన్నటి ముసలాయన ఒప్పుకోలేదు. "దాని ఒల్లు సల్లారబెట్టకుండా మాం కూడు తినాలంటావేటి? అది మా సేత కాదు," అన్నాడు.

నేను ఇంకా ఏవో డిగ్రీలు, వ్యాకోచాలు చెప్పబోయాను. ఎవరి మొహంలోనూ నమ్మకం లేదు. విసుగొచ్చి నా నోటికి పాతపట్నం మాట వచ్చేసింది. "అప్పా," అని అక్కను పిలిచినట్టు పిలిచి కామమ్మతో అన్నాను, "ఎండన పడి లగెత్తుకొచ్చిన గుంటడికి నువ్వు ఎంటనే తలమీద నీళ్లు పోసేస్తావేటి?"

"ఎందుకు పోస్తాను? జొరమొచ్చీదూ!" అంది ఠక్కున. "నీడన కూకోబెడతాను. సెమట ఆరనియ్యాల. అంబలి సుక్క తాగనిచ్చి, అప్పుడు పోస్తాను." అని ఆగింది. ఇంజను వైపు చూసింది. గోనెపట్టా సర్దింది. తర్వాత ముసలాయన వైపు తిరిగి, "సిన్నాన్నా, మనం దీనికి రోజూ జొరం తెప్పిస్తన్నాం," అంది.

అప్పన్న తల గోక్కున్నాడు. నీళ్లు పోయడం మానొద్దని చెప్పాను. నీడలోకి మోసుకెళ్లి, ముందు మీరు అంబలి తాగండి, చేత్తో తాకితే చల్లగా అనిపించాక బావి నీళ్లు పోసి ఉప్పు కడగండి, దానికీ అదే మంచిది అన్నాను. ముసలాయన గొణుక్కుంటూనే సరేనన్నాడు.

కామమ్మ మాత్రం నన్ను వదల్లేదు. "అంతా బాగానే సెప్పినావు. మల్లీ సముద్రంలో సచ్చిపోదని నమ్మకమేనా నీకు?"

"నమ్మకమే."

"అయితే నువ్వూ ఎక్కు."

నేను ఎక్కిన తెప్ప

సముద్రాన్ని నేను ఒడ్డునుంచి చూడటమే గానీ దాని మీదికి ఏనాడూ వెళ్లలేదు. ఈత రాదు. వద్దందామనుకున్నాను. కామమ్మ కళ్లలోకి చూస్తే ఆ మాట బయటికి రాలేదు. నేను ఒడ్డున ఉండి ఆవిడ మొగుణ్ని పంపడం ఏం న్యాయం?

ఆ సాయంత్రమే ఇంజనుకు కొత్త హెడ్డు బిగించారు. మర్నాడు పొద్దున్నే ఎర్రయ్య, అప్పన్న, నేను. నాకు నారింజరంగు తేలుడు చొక్కా తొడిగారు. ఒడ్డు దగ్గర అలలు తెప్పను ఎత్తి కుదేస్తుంటే, చిన్నప్పుడు గుళ్లో నేర్చుకున్న కీర్తనలన్నీ కళ్లు మూసుకుని వరసపెట్టి పాడేశాను. అప్పన్న పడీపడీ నవ్వాడు. "మేడంగోరూ, మొదటి పాట మల్లీ వచ్చీసినాది," అన్నాడు. అలలు దాటాక సముద్రం నెమ్మదించింది. అప్పుడు కళ్లు తెరిచి ఇంజను చప్పుడు వింటూ కూర్చున్నాను. నా చేతుల్లోంచి వెళ్లిన హెడ్డులు ఎన్నో, కానీ ఒక్కటి కూడా ఇలా మనుషుల్ని మోస్తుండగా నేను చూడలేదు. ఆ చప్పుడు ఎక్కడ తడబడుతుందోనని ప్రాణాలు చెవుల్లో పెట్టుకున్నాను. అది తడబడలేదు. వల వేశారు, లాగారు. ఎర్రయ్య మొహం మొదటిరోజు నేను చూసిన మొహం కాదు. పదేళ్లు తగ్గినట్టున్నాడు.

తిరిగి వచ్చేసరికి ఎండ మండుతోంది. తెప్ప ఇసుకను తాకగానే అలవాటు కొద్దీ అప్పన్న తప్పేలా నీళ్లలో ముంచాడు.

"ఒరే, ఆగు!" ఒడ్డుమీంచి కామమ్మ అరిచిన అరుపుకి అప్పన్న చేతిలోని తప్పేలా జారిపోయింది.

ఇంజనును బొంగుకు కట్టి ఇంటి చూరు కింద నీడకు తెచ్చారు. కామమ్మ మాకు రాగిపిండితో కాచిన సోడంబలి, ఎండు నెత్తళ్ల చేపలు పెట్టింది. మేము తాగుతున్నాం గానీ అందరి కళ్లూ ఇంజను మీదే. ముసలాయన రెండుసార్లు వచ్చి చూసి వెళ్లాడు. కామమ్మ మధ్యమధ్య లేచి, పిల్లల జ్వరం చూసినట్టు, చెయ్యి తిప్పి వేళ్ల వెనక భాగం రెక్కల దగ్గర పెట్టి, తల అడ్డంగా ఊపి వచ్చి కూర్చునేది. చివరికి అరచెయ్యి పూర్తిగా ఆనించి, కాసేపు అలాగే ఉంచింది.

"సల్లారిపోనాది," అంది.

బావి నీళ్లు నింపి పెట్టుకున్న బిందె ఎత్తి, నెమ్మదిగా పోసింది. ఆవిరి లేవలేదు, చప్పుడు కూడా కాలేదు. పాత గుడ్డతో రెక్క రెక్కా తుడిచింది. వాల్వుల దగ్గరికి వంగి, నేను చూపించిన చోట పగులు కోసం తనే వెతుక్కుంది. ఏమీ లేదు. లేచి నా దగ్గరికి వచ్చి, "నీ కాళ్లకి ఉప్పు పట్టీసినాది, ఇలగెట్టు," అని నా కాళ్ల మీద నీళ్లు పోసింది. నాకు కళ్లు చెమ్మగిల్లాయి, అది సముద్రపు గాలి వల్ల కాదు.

బిందెలో ఇంకా కొన్ని నీళ్లు మిగిలాయి. కామమ్మ దాన్ని నడుమున పెట్టుకుని అక్కడే నిలబడింది. ఎర్రయ్య అంబలి గిన్నె చేత్తో పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. ఆవిడ రెండడుగులు వేసి అతని ఎదుట ఆగింది.

"ఏటి సూస్తన్నావు? కాళ్లు పెట్టు," అంది.

ఎర్రయ్య గిన్నె పక్కన పెట్టి రెండు కాళ్లూ ముందుకు చాపాడు. కామమ్మ బిందె వంచింది. నీళ్లు అయిపోయేదాకా పోసింది. ఆఖరి చుక్క కూడా విదిలించి, ఖాళీ బిందె చంకలో పెట్టుకుని, లోపలికి వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరక్కుండానే అంది.

"రేపెల్లు."